పాఠం: "గా" చేసే పని

పిల్లలూ, ఇంగ్లీషులో విశేషణం, క్రియ కలిసి వచ్చే వాక్యాలు మీరు రోజూ మాట్లాడతారు. అవే మాటలు తెలుగులో ఎలా చెప్పాలో ఈ పాఠంలో చూద్దాం.

విశేషణం అంటే ఒక వస్తువు లేదా మనిషి ఎలా ఉన్నారో చెప్పే మాట: వేడి, కొత్త, ఎర్ర. క్రియ అంటే పనిని చెప్పే మాట: వచ్చింది, తిన్నాను, ఉంది.

ముందు ఒక ఫోన్ కాల్

జూన్ నెల అనుకోండి. దోహాలో మధ్యాహ్నం 2 గంటలు, ఇండియాలో నాలుగున్నర. మీరు స్కూలు బస్సు దిగి, చెమటలు కక్కుతూ ఇంట్లోకి వచ్చారు. అప్పుడే అమ్మమ్మ ఫోన్ చేసింది. మీ మనసులో "ఐ యామ్ హాట్" అని ఉంది. దాన్ని మాటకు మాట మార్చి ఇలా అన్నారు:

"అమ్మమ్మా, నేను వేడిగా ఉన్నాను."

అమ్మమ్మ కంగారుపడింది. "అయ్యో, జ్వరమా? మందు వేసుకున్నావా? అమ్మకి ఫోన్ ఇవ్వు!"

మీరు చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. కానీ తెలుగులో ఒళ్ళు వేడిగా ఉంటే జ్వరం అని అర్థం. మీరు అనాల్సింది "నాకు ఉక్కపోస్తోంది" అని. ఎందుకో చూద్దాం.

1. ముందు ఉంటే ఒకలా, వెనక ఉంటే ఒకలా

ఇంగ్లీషులో "హాట్ టీ" అన్నా, "ది టీ ఈజ్ హాట్" అన్నా "హాట్" మారదు. తెలుగులో మాత్రం క్రియ పక్కకి వచ్చేసరికి విశేషణానికి "గా" చేరుతుంది.

- వేడి టీ – టీ వేడిగా ఉంది
- ఎర్ర చొక్కా – చొక్కా ఎర్రగా ఉంది
- చల్లటి గాలి – గాలి చల్లగా ఉంది
- తియ్యటి ఖర్జూరం – ఖర్జూరం తియ్యగా ఉంది

చివరి రెండింటిలో "టి" పోయి "గా" వచ్చింది, చూశారా?

ఈ సూత్రం మీకు ముందే తెలుసు! "బాగున్నావా?" అని ఎవరైనా అడిగితే "బాగున్నాను" అంటారు కదా. అది "బాగా + ఉన్నాను". అందులోనూ "గా" దాక్కుని ఉంది.

2. "గా" మారదు, "ఉంది" మారుతుంది

నేను సంతోషంగా ఉన్నాను. నువ్వు సంతోషంగా ఉన్నావు. చెల్లి సంతోషంగా ఉంది. తాతయ్య సంతోషంగా ఉన్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంగ్లీషులో "వాటర్ ఈజ్", "మిల్క్ ఈజ్" అంటారు. తెలుగులో నీళ్ళు, పాలు బహువచనాలు. అందుకే "నీళ్ళు వేడిగా ఉన్నాయి", "పాలు చల్లగా ఉన్నాయి" అనాలి.

కాదని చెప్పాలంటే "ఉంది" బదులు "లేదు" వస్తుంది: టీ వేడిగా లేదు. నీళ్ళయితే "వేడిగా లేవు".

3. ఈరోజా, ఎప్పుడూనా?

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మామూలుగా జూన్, జూలై నెలల్లో జరుగుతుంది. కానీ 2022లో ఖతర్‌లో నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18 దాకా జరిగింది. ఎందుకు? జూలైలో ఇక్కడ చాలా వేడిగా ఉంటుంది. 40 డిగ్రీలు దాటడం మామూలే.

"ఉంది" అనలేదు, "ఉంటుంది" అన్నాం. ఇంగ్లీషులో రెండింటికీ "ఈజ్" చాలు. తెలుగులో తేడా ఉంది:

- ఈరోజు వేడిగా ఉంది. (ఇప్పటి సంగతి)
- జూలైలో వేడిగా ఉంటుంది. (ఎప్పుడూ జరిగేది)

4. వేరే క్రియలతో కూడా "గా"

"ఉంది" ఒక్కటే కాదు, వేరే క్రియలకి కూడా "గా" తోడు వస్తుంది. వేసవిలో దోహాలో కుళాయి తిప్పితే ఏమవుతుంది? నీళ్ళు వేడిగా వస్తాయి! కార్నిష్‌లో నడుస్తుంటే సముద్రం నీలంగా కనిపిస్తుంది.

ఇంగ్లీషులో "లుక్స్ బ్యూటిఫుల్" వేరు, "సింగ్స్ బ్యూటిఫులీ" వేరు. తెలుగులో అందంగా కనిపిస్తుంది, అందంగా రాస్తుంది, అందంగా ముగ్గు వేస్తుంది. అన్నిటికీ ఒకే "గా".

5. ఒంటికి తెలిసేవి "నాకు"

ఆకలి, దాహం, చలి, నిద్ర, ఉక్క. ఇవి మనం చేసే పనులు కావు, మనకి కలిగేవి. అందుకే "నేను" కాదు, "నాకు".

- ఐ యామ్ హంగ్రీ – నాకు ఆకలేస్తోంది
- ఐ యామ్ కోల్డ్ – నాకు చలేస్తోంది
- ఐ యామ్ థర్స్టీ – నాకు దాహంగా ఉంది
- ఐ యామ్ స్లీపీ – నాకు నిద్రొస్తోంది

కొన్ని ఇళ్ళలో "చలేస్తోంది" అంటారు, కొన్ని ఇళ్ళలో "చలి పెడుతోంది" అంటారు. రెండూ సరైనవే. మీ ఇంట్లో ఏమంటారో అడగండి.

6. "ఉంది" అక్కరలేని చోటు

మీరు స్కూల్లో అరబిక్ నేర్చుకుంటున్నారా? "అల్ బైత్ కబీర్" అంటే ఇల్లు పెద్దది. అరబిక్ వాక్యంలో "ఈజ్" లాంటి మాట లేదు. తెలుగు వాక్యంలో కూడా లేదు! ఒక మనిషి లేదా వస్తువు స్వభావం చెప్పేటప్పుడు తెలుగులో క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది.

- తమ్ముడు మంచివాడు.
- ఈ ఇల్లు పెద్దది.
- ఈ పుస్తకాలు కొత్తవి.

ఈ తేడా చూడండి. "అమ్మమ్మ మంచిది" అంటే ఆమెది మంచి మనసు. తెలంగాణలో "అమ్మమ్మ మంచిగుంది" అంటే ఆమె ఆరోగ్యంగా, క్షేమంగా ఉందని అర్థం.

7. మారిపోతే ఒకే మాట

ఇంగ్లీషులో "టర్న్‌డ్ రెడ్", "గాట్ కోల్డ్" అని రెండు మాటలు కావాలి. తెలుగులో చాలాసార్లు ఒక్కటి చాలు.

- సాయంత్రం ఆకాశం ఎర్రబడింది.
- టీ చల్లారింది.
- తాతయ్య జుట్టు తెల్లబడింది.

సెలవుల్లో ఊరికి వెళ్ళగానే మీకు తప్పకుండా వినిపించే మాట ఇంకొకటి ఉంది: "అయ్యో, చిక్కిపోయావు!" అంటే సన్నగా అయిపోయావని. మీరు నిజంగా చిక్కిపోయారో లేదో వేరే సంగతి. "నిన్ను చూసి చాలా రోజులైంది, ఇంకో ముద్ద తిను" అని దాని అర్థం.

అభ్యాసం

అ) ఖాళీలు పూరించండి.
1. సూక్ వాకిఫ్‌లో తాగిన కరక్ టీ ______ ఉంది. (వేడి)
2. పాలు చల్లగా ______. (ఉంది / ఉన్నాయి)
3. జనవరిలో రాత్రిపూట ఎడారి చల్లగా ______. (ఉంది / ఉంటుంది)
4. ______ ఆకలేస్తోంది. (నేను / నాకు)

ఆ) తెలుగులో చెప్పండి.
5. ది మ్యాంగో ఈజ్ స్వీట్.
6. ఐ యామ్ కోల్డ్.
7. మై బ్యాగ్ ఈజ్ న్యూ.

ఇ) ఈ వారం అమ్మమ్మకి గానీ, నానమ్మకి గానీ ఫోన్ చేయండి. అక్కడ ఎండగా ఉందా, వాన పడుతోందా అని అడగండి. తరువాత "గా" ఉన్న మూడు వాక్యాల్లో మీ రోజు ఎలా గడిచిందో చెప్పండి. తప్పు వస్తే భయపడకండి. అమ్మమ్మ నవ్వి సరిచేస్తుంది. ఆ సరిచేసిన వాక్యాన్ని మీ నోటుబుక్కులో రాసుకోండి.

జవాబులు: 1. వేడిగా 2. ఉన్నాయి 3. ఉంటుంది 4. నాకు 5. మామిడిపండు తియ్యగా ఉంది. 6. నాకు చలేస్తోంది. 7. నా బ్యాగు కొత్తది.