వాదన గెలిస్తే చాలదు, నిజం తెలియాలి

ఒకే విషయం మీద పదిమంది పది రకాలుగా మాట్లాడుతున్నప్పుడు విద్యార్థి ఎవరి మాట నమ్మాలి? పేపరు ఒకటి చెబుతుంది, టీవీ ఇంకొకటి చెబుతుంది, ఊళ్లో పెద్దలు మరొకటి చెబుతారు. పాఠ్యపుస్తకంలో అయితే ప్రశ్న కింద జవాబు ఉంటుంది. బయటి ప్రపంచంలో అలా ఉండదు. ఈ సంగతి మేము పుస్తకం చదివి కాదు, మన మెస్ హాలులో ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాం. తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

మెస్ హాలులో జరిగింది

శనివారం రాత్రి భోజనాలయ్యాక చర్చ పెట్టుకోవడం మన హాస్టల్‌లో అలవాటే. 2023 జూన్‌లో ఒక శనివారం మేము ఎంచుకున్న విషయం చేప ప్రసాదం. కోవిడ్ వల్ల మూడేళ్లు ఆగిపోయి ఆ ఏడే మళ్లీ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మొదలైంది. ఖైరతాబాద్ నుంచి లక్డీకాపూల్ మీదుగా నడిచి వెళ్లినా చేరగలిగే దూరం కాబట్టి మాలో కొందరు చూసి వచ్చారు. సగం మంది 'అది పని చేస్తుంది' అన్నాం, సగం మంది 'అంతా మూఢనమ్మకం' అన్నాం. గంట తిరగకముందే చర్చ పోయి గొడవ మిగిలింది.

ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకడికి చిన్నప్పటి నుంచి ఆయాసం. వాళ్లమ్మ వాడిని రెండుసార్లు నాంపల్లికి తీసుకొచ్చింది. వాడు రోజూ పంపు కూడా పీలుస్తాడు. ఆ రాత్రి మేమందరం వాడిని సాక్షిగా లాగాం. ఒక పక్షం 'చేప మింగావు కదా, మరి పంపు ఎందుకురా?' అని ఎగతాళి చేసింది. ఇంకో పక్షం 'పంపు అలవాటైతే జన్మలో వదలదు' అని భయపెట్టింది. వాడు ఎవరికీ బదులు చెప్పలేదు. పంపు తీసి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేశాడు.

పది రోజుల తర్వాత తెల్లవారుజామున వాడు మంచం మీద కూర్చుని ఊపిరి అందక గిలగిలలాడుతుంటే అందరం లేచాం. వార్డెన్ సారు ఆటో పిలిపించారు. ఆసుపత్రిలో మందు పట్టాక వాడు తేరుకున్నాడు. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, 'పంపు ఎందుకు మానేశావు?' అని. వాడు మా వైపు చూశాడు. ఆ చూపుకు మా దగ్గర జవాబు లేదు. వాదన ఎవరు గెలిచారో ఆ రోజు మాలో ఎవరికీ గుర్తుకు రాలేదు.

ముందు విషయం తెలుసుకుందాం

ఆ తర్వాత మేము చేసిన మొదటి పని, వాదించక ముందు చదవవలసింది వాదించాక అయినా చదవడం.

చేప ప్రసాదం బత్తిని కుటుంబం ఇస్తున్నది. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ విద్య చెప్పాడని, డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని మాట తీసుకున్నాడని ఆ కుటుంబం చెబుతుంది. మృగశిర కార్తె నాడు పసుపుపచ్చని ముద్దను చిన్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి, ఆ చేపను బతికుండగానే మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. వరసగా మూడేళ్లు తీసుకోవాలని, 45 రోజులు పథ్యం చేయాలని చెబుతారు. మొదట పాతబస్తీ దూద్‌బౌలిలోని ఇంటి దగ్గర ఇచ్చేవారు. జనం పెరిగాక నాంపల్లికి మారింది. ఉత్తరాది నుంచి కూడా రైళ్లలో వస్తారు. చేపపిల్లలు, నీళ్లు, పోలీసు బందోబస్తు ప్రభుత్వ శాఖలు చూస్తాయి. ముద్దలో ఏముందో కుటుంబం బయటపెట్టలేదు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఏళ్లుగా దీన్ని ప్రశ్నిస్తూ వచ్చాయి. ఒకప్పుడు అందరూ 'చేప మందు' అనేవారు. ఇప్పుడు 'చేప ప్రసాదం' అంటున్నారు.

మేము వేసుకున్న ప్రశ్నలు

1. మనం దేని గురించి వాదిస్తున్నాం?

'చేప ప్రసాదం మంచిదా, కాదా?' అనేది ఒక ప్రశ్న కాదు. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. నమ్మినవాళ్లు తీసుకోవచ్చా? దానివల్ల ఆయాసం తగ్గుతుందా? హాని ఉందా? ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చా? మొదటిది స్వేచ్ఛకు సంబంధించినది. మన రాజ్యాంగం 25వ అధికరణలో మత స్వేచ్ఛ ఇచ్చింది. అదే రాజ్యాంగం 51-ఎ(హెచ్)లో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని చెప్పింది. రెండవది, మూడవది పరీక్షించి తేల్చవలసినవి. నాలుగవది రాజకీయ ప్రశ్న. మేము ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న జవాబు చెప్పుకుంటూ అరుచుకున్నాం. హాని లేదని తేలినా గుణం ఉందని తేలినట్లు కాదు.

పేరులో కూడా విషయం ఉంది. మందు అంటే చట్టం అడుగుతుంది. ఔషధ నియమాలలోని షెడ్యూల్-జె జాబితాలో ఆస్తమా ఉంది. ఆ జాబితాలోని జబ్బులను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ప్రసాదం అంటే ఆ ప్రశ్న రాదు. కాని ప్రసాదం అన్నప్పుడు దాన్ని మందులా లెక్కించి పంపు మానుకోకూడదు కదా!

2. 'నాకు తగ్గింది' అన్న మాటను ఎలా చూడాలి?

ఆ మాట చెప్పేవాడు అబద్ధం ఆడుతున్నాడని అనుకోకూడదు. ఆయాసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. బాగా బాధ పడుతున్నప్పుడే జనం వైద్యం కోసం తిరుగుతారు. తర్వాత దానంతట అది నెమ్మదించినా, చివరగా తీసుకున్నదానికే పేరు వస్తుంది.

2011లో అమెరికాలో చేసిన ఒక పరీక్ష మా కళ్లు తెరిపించింది. 39 మంది ఆస్తమా రోగులకు ఒక్కోసారి ఒక్కో రకంగా నాలుగు పద్ధతులు పాటించారు. అసలు మందున్న పంపు, మందు లేని ఉత్తుత్తి పంపు, ఉత్తుత్తి సూదుల వైద్యం, ఏమీ ఇవ్వకపోవడం. 'ఎంత హాయిగా ఉంది?' అని అడిగితే అసలు పంపుకు 50 శాతం, ఉత్తుత్తి పంపుకు 45 శాతం, సూదులకు 46 శాతం మెరుగుదల చెప్పారు. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతమే. కాని ఊపిరితిత్తుల గాలిని యంత్రంతో కొలిస్తే అసలు పంపుతో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటితో దాదాపు 7 శాతమే. అంటే మనిషికి హాయి అనిపించడం నిజమే, గొట్టాలు తెరుచుకోకపోవడమూ నిజమే. మన తమ్ముడి విషయంలో ప్రమాదం ఈ రెండింటి మధ్యనే ఉంది.

3. రుజువు ఎవరు చూపాలి?

గుణం ఉందని చెప్పేవారే చూపాలి. ఎన్ని వేలమంది వచ్చారన్నది రుజువు కాదు. టీవీలో లైవు వచ్చిందన్నదీ రుజువు కాదు. కెమెరా క్యూలో నిలబడ్డ జనాన్ని చూపుతుంది. ఆరు నెలల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో ఇంటింటికీ వెళ్లి చూపదు. వార్త చదివినప్పుడు 'ఇందులో కొలిచి చెప్పినది ఏది, ఎవరో అన్నది ఏది?' అని పెన్సిలుతో గీత గీసి చూడండి.

4. మన పక్షం తప్పు కావచ్చునా?

శాస్త్రం వైపున్న మేము గర్వపడకుండా ఉండేందుకు హైదరాబాద్ చరిత్రే ఒక పాఠం చెప్పింది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు రోగులు చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెా అని ప్రపంచమంతా వాదం. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో ఇక్కడే రెండు కమిషన్లు నడిపాడు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. రెండవసారి లండన్‌లోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులపై ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని, గుండెకు నేరుగా భయం లేదని తేల్చారు. అయినా వాదం ఆగలేదు. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త, మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపాడు. ప్రయోగం చేసినవారూ పొరబడ్డారు. అయితే ఆ పొరపాటును దిద్దింది అరుపులు కాదు, మరో ప్రయోగం. కనుక మనం నేర్చుకోవలసింది 'శాస్త్రం చెప్పింది, నోరు మూసుకో' అనడం కాదు, 'ఇలా పరీక్షించారు, నువ్వూ చూడు' అనడం.

ఇప్పుడు మేము పాటిస్తున్నది

ఒకటి, ఎదుటి పక్షం మాటను ముందు మనమే చెప్పాలి. వాళ్లు 'అవును, మేము అన్నది అదే' అన్నాకే మన జవాబు చెప్పాలి. దీనివల్ల గొడవలు సగం తగ్గాయి. రెండు, చర్చలో ఎవరి జబ్బునూ, ఇంటినీ, కులాన్నీ ఉదాహరణగా లాగకూడదు. మూడు, తెలియనిది తెలియదని చెప్పినవాడికి చప్పట్లు కొట్టాలి.

ఆయాసం ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట. పంపు మత్తుమందు కాదు. ఒక రకం బిగుసుకున్న గొట్టాలను కొద్ది నిమిషాల్లో తెరుస్తుంది. రెండో రకం లోపలి వాపును తగ్గిస్తుంది కాబట్టి డాక్టరు చెప్పినన్నాళ్లు, బాగున్న రోజున కూడా వాడాలి. పిల్లలకు రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, పెద్దలకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. రెండూ ప్రభుత్వానివే.

ఆ తమ్ముడిని మేము క్షమించమని అడిగాం. వాడు నవ్వి, 'అన్నా, అమ్మ నన్ను నాంపల్లి తీసుకెళ్లింది నమ్మకంతో కాదు. రాత్రంతా నేను దగ్గుతుంటే చూడలేక తీసుకెళ్లింది' అన్నాడు. మా రెండు పక్షాలలో ఏ ఒక్కరమూ ఆ రాత్రి ఆ తల్లి గురించి ఆలోచించలేదు. ఇప్పుడు వాడి పంపు కిటికీ మీద, అందరికీ కనిపించే చోట ఉంటుంది. వాడు తరగతిలో ఉన్నప్పుడు జేబులో ఉందో లేదో అడగడం మా వంతు.