ఖాళీ పెట్టె చూపించాలి

2024 ఎన్నికలకు వారం ముందు మా మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఈవీఎంల గురించి ఏదో వీడియో. "తాతా, నువ్వు ఇన్ని ఎన్నికల్లో పనిచేసినవ్ గదా, ఓట్లు నిజంగనే లెక్కపెడతరా?" అని అడిగింది. దానికి అదే మొదటి ఓటు. నల్లగొండ జిల్లాలో ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పాను. తొమ్మిదిసార్లు ఎన్నికల డ్యూటీ పడింది, అందులో ఐదుసార్లు బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. అయినా ఆ పిల్లకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

1. ముందు ఖాళీ పెట్టె చూపించాలి.

బ్యాలెట్ పెట్టెల రోజుల్లో తెల్లవారుజామునే పెట్టె మూత తీసి, బోర్లించి, పార్టీల ఏజెంట్లకు చూపించేవాళ్లం. ఒక ఊళ్లో ఒక ముసలి ఏజెంటు పెట్టెలో చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమాడు. మా పోలింగ్ ఆఫీసర్‌కు కోపం వచ్చింది. "మా మీద నమ్మకం లేదా?" అన్నాడు. "నమ్మకం ఉంది సారూ. రేపు మా వాడకట్టుల అడుగుతరు. నా చేత్తోటి చూసిన అని చెప్పాలె గదా" అన్నాడు ఆయన. ఆయనకు చదువు రాదు. నా ఉద్యోగంలో విన్న మాటల్లో అంత విలువైనది ఇంకొకటి లేదు.

ఈవీఎంలు వచ్చాక ఆ చెయ్యి చేసే పని మాక్ పోల్, అంటే నమూనా పోలింగ్, చేస్తోంది. ఏజెంట్ల చేతనే కనీసం 50 ఓట్లు వేయించి, క్లోజ్ చేసి, రిజల్ట్ చూపించి, క్లియర్ నొక్కి, సున్నా చూపించాలి. వేసిన ఓటును కాగితం మీద చూపే వీవీప్యాట్‌లో పడిన స్లిప్పులు తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు చేయాలి. ఆ గంట అందరికీ విసుగే. రాత్రి నిద్ర ఉండదు, బయట అప్పటికే వరుస కట్టి ఉంటారు. తొందరపడి నాలుగు ఓట్లతో కానిచ్చేసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. ఆ నాలుగు నిమిషాల ఆదా తర్వాత ఎన్ని పుకార్లకు దారి తీస్తుందో వాళ్లకు తెలియదు.

2. తేడా వస్తే దాచొద్దు, రాయాలి.

2009లో నా బూత్‌లో సాయంత్రం లెక్క చూస్తే రిజిస్టర్‌లో 812 సంతకాలు, మిషన్లో 811 ఓట్లు. నా కాళ్లు చల్లబడ్డాయి. "ఒక ఓటు మింగిర్రు" అని కుర్ర ఏజెంటు ఒకడు లేచాడు. బయట బస్సు హారను కొడుతోంది. రిజిస్టర్‌లో చివరి గీత కొట్టేసి 811 చేయమని పక్కనున్నవాళ్లే సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఏజెంట్లను చుట్టూ కూర్చోబెట్టుకుని ఓటరు స్లిప్పులు ఒక్కొక్కటే తిరగేశాం. మధ్యాహ్నం ఒక తల్లి చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే సంతకం పెట్టి, సిరా చుక్క వేయించుకుని, మీట నొక్కకుండానే వెళ్లిపోయింది. ఆ సంగతి వాడే, ఆ కుర్ర ఏజెంటే, గుర్తు చేశాడు. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా రాశాను, డైరీలో రాశాను, అందరి సంతకాలూ తీసుకున్నాను. సామాను అప్పగించే చోట రెండు గంటలు ఆలస్యమైందని పై అధికారి అందరి ముందు చివాట్లు పెట్టాడు. కౌంటింగ్ రోజున మాత్రం మా బూత్ గురించి ఎవరూ నోరెత్తలేదు.

3. అడిగేవాడు శత్రువు కాదు.

1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి 50 బూత్‌లలో మిషన్లు పెట్టారు. చట్టంలో వాటికి చోటు లేదని కోర్టుకు వెళ్తే, 1984లో సుప్రీంకోర్టు ఆ బూత్‌ల పోలింగ్ చెల్లదంది. ఆ తర్వాతే చట్టం మార్చారు. 2004 లోక్‌సభ ఎన్నికలకు గానీ దేశమంతా మిషన్లు రాలేదు. వేసిన ఓటు కాగితం మీద కనబడాలని మళ్లీ అడిగారు. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో వీవీప్యాట్ మొదలైంది. అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక్క బూత్ స్లిప్పులే లెక్కపెడితే ఎట్లా అని అడిగితే 2019లో సుప్రీంకోర్టు ఐదు చేసింది. ఇందులో ఏ ఒక్కటీ అడగకుండా వచ్చింది కాదు. అనుమానించినవాణ్ణి దేశద్రోహి అన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధ వేస్తుంది.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఓడినవాళ్లు మిషన్లను అనుమానించారు, 2024లో ఓడినవాళ్లూ అనుమానించారు. గెలిచిన రోజున కూడా అదే ప్రశ్న అడిగే పార్టీ నాకు కావాలి.

4. 17సి ఫారం తీసుకోండి.

పోలింగ్ ముగిశాక మిషన్లో ఎన్ని ఓట్లున్నాయో ఈ ఫారంలో రాసి, ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం చేసి, ప్రతి ఏజెంటుకూ నకలు ఇస్తాడు. కౌంటింగ్‌లో ఆ అంకెతో పోల్చుకోవచ్చు. సాయంత్రానికి సగంమంది ఏజెంట్లు భోజనాల దగ్గరుంటారు. నేను పిలిచి పిలిచి ఇచ్చేవాణ్ణి.

5. బ్యాలెట్ మీద నమ్మకం ఎంత లోతుదో నల్లగొండ చూపించింది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నియోజకవర్గంలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన జిల్లా మాది. నా క్లాసులోనే పళ్లు గారపట్టిన పిల్లలు సగానికి పైగా ఉండేవాళ్లు. పదో తరగతికి వచ్చేసరికి మోకాళ్లు దగ్గరికొచ్చి, గోడ పట్టుకుని లేచే పిల్లలు ఉండేవాళ్లు. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు. చివరికి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. ముసలివాళ్లు పేజీలు తిప్పలేక నా వైపు చూస్తుంటే, గుర్తు ఏ పేజీలో ఉందో నేను చెప్పకూడదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. 477 మందికి డిపాజిట్ రాలేదు. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు. వాళ్లు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రాళ్లు కాదు, నామినేషన్ పత్రాలు పట్టుకుని వచ్చిన మనుషులు వాళ్లు. ఈ వ్యవస్థను అంతగా నమ్మినవాళ్ల మాట వినడానికి ఇన్నేళ్లు పట్టకూడదు.

6. వేలిముద్ర పడకపోయినా మనిషి మనిషే.

మిషన్‌ను నమ్మాలా, మనిషిని నమ్మాలా అన్న ప్రశ్న ఓటు దగ్గరే ఆగదు. రేషన్ షాపులో నా ముందు ఒక అవ్వ. నలభై ఏళ్లు నాట్లు వేసి వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచింది, తడిపి మళ్లీ పెట్టింది. మిషన్ ఎర్రలైటు. "నీ ఏలు పడతలేదు అవ్వా, రేపు రా" అన్నాడు డీలరు. "చిన్నప్పుడు నిన్ను ఎత్తుకున్న బిడ్డా, నేనెవరో నీకెర్కలేదా?" అంది. వాడు తల దించుకున్నాడు. వాడి చేతిలో ఏమీ లేదు. దొంగ కార్డులు ఆపడానికి మిషన్ కావాలి, కాదనను. కానీ మనిషిని ఎరిగిన మనిషి సాక్ష్యం చెల్లే దారి ప్రతి షాపులో, అందరికీ తెలిసేట్టు ఉండాలి.

ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం చూశాను. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పని అది. గ్రామసభలో మస్టరు రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పైకి చదువుతుంటే ఒకామె లేచి, "ఆ వారం నేను మా అమ్మగారింట్ల ఉన్న, నా పేరు మీద పైసలు ఎవరు తీసుకున్నరు?" అంది. కంప్యూటర్‌లో ఎన్నాళ్లున్నా పట్టుబడని అంకె, పైకి చదివిన నిమిషంలో పట్టుబడింది.

7. కబురు తెచ్చినవాణ్ణి అడగాలి.

మా ఊళ్లో చావు కబురు మోసుకొచ్చినవాణ్ణి కూడా "నువ్వు కళ్లారా చూసినవా, ఎవరన్న చెప్తె విన్నవా?" అని అడిగేవాళ్లు. ఏడవడం ఆ తర్వాతే. ఇప్పుడు నాయకుడి గొంతునూ మొహాన్నీ కంప్యూటర్ తయారుచేస్తోంది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని అడగకుండానే పది మందికి పంపుతున్నాం. మనవరాలి వీడియోను ఇద్దరం కూర్చుని మళ్లీ చూశాం. ఏ ఊరు, ఏ ఎన్నిక, ఏ తేదీ అని దానిలో ఎక్కడా లేదు.

మే 13న మనవరాలిని వెంటబెట్టుకుని బూత్‌కు వెళ్లాను. లోపల్నుంచి వచ్చి, "స్లిప్పు ఏడు సెకన్లు కనబడ్డది తాతా, నేను వేసిన గుర్తే" అంది. రోడ్డు దాకా మాట్లాడకుండా నడిచింది. తర్వాత ఆగి, "మన బూత్ స్లిప్పులు ఆ ఐదింట్ల ఉంటయా?" అని అడిగింది.

ఉండకపోవచ్చు అన్నాను. "మరి ఎవర్ని అడగాలె?" అంది.