కుట్టు నేర్చుకుందాం: సూది ముందు, మిషను తరువాత



"సిస్టరుగారూ, ఇంటి దగ్గర ఊరికే కూర్చోకుండా కుట్టు నేర్చుకుందామనుకుంటున్నాను. మిషను కొనమంటారా?" వార్డులో బిడ్డ పక్కన కూర్చున్న తల్లులు, ఆపరేషన్ అయి కోలుకుంటున్న అక్కలు ఈ మాట తరచు అడుగుతారు. కుట్టు మంచి పని. ఇంట్లో ఉండి చేయవచ్చు, నాలుగు డబ్బులు మిగులుతాయి. అయితే చాలా ఇళ్ళలో జరిగేది వేరు. అప్పు చేసి మిషను కొంటారు. నెల రోజులు తొక్కుతారు. దారం తెగుతుంది, సూది విరుగుతుంది, నడుము నొప్పి పుడుతుంది. ఆ తరువాత మిషను మీద దుప్పటి కప్పుతారు. అప్పు మాత్రం మిగులుతుంది.

అందుకే అడిగిన వారికి ఒకటే చెబుతాను. ముందు చేతి సూదితో మొదలుపెట్టండి. ఒక వస్తువు పూర్తిగా చేతితో కుట్టిన తరువాత మిషను సంగతి ఆలోచించండి. దానితో పాటు కుట్టే కన్నును, వేలును, నడుమును మొదటి రోజు నుండే కాపాడుకోండి. అవి బాగుంటేనే ఈ విద్య మీకు పదికాలాలు ఉపయోగపడుతుంది.

1. సూది పని చిన్నది కాదు

అపొస్తలుల కార్యములలో దొర్కా విధవరాండ్రకు అంగీలు, వస్త్రాలు కుట్టి ఇచ్చిన సంగతి మనకు తెలుసు. వైద్యంలో కూడా సూది పనికి గొప్ప చోటుంది. 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురై మరణించాడు. ఆ పోటుకు కాలేయం దగ్గరి పెద్ద రక్తనాళం తెగింది. తెగిన రక్తనాళాన్ని సరిగా కుట్టే విధానం అప్పటి డాక్టర్లకు లేదు. అదే నగరంలో అలెక్సిస్ కారెల్ అనే యువ వైద్యుడు ఈ లోటు తీర్చాలనుకున్నాడు. ఆయన మేడమ్ లెరూదియే అనే ఎంబ్రాయిడరీ పనిలో ఆరితేరిన స్త్రీ దగ్గర సన్న సూదితో కుట్టడం నేర్చుకున్నాడు. 1902లో రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతిని ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. డాక్టరు కూడా కుట్టు తెలిసిన స్త్రీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. కనుక మనకు నేర్పేవారు మనకంటే చిన్నవారైనా, చదువు తక్కువ వారైనా నామోషీ పడవద్దు.

2. కావలసిన సామాను

చేతి సూదుల ప్యాకెట్టు, తెల్ల దారం ఉండ, నల్ల దారం ఉండ, గుడ్డకు మాత్రమే వాడే కత్తెర, టేపు, చాక్ ముక్క, వేలికి తొడుగుకునే లోహపు టోపీ, మూత ఉన్న డబ్బా, ఒక చిన్న అయస్కాంతం. ఇవి చాలు. చేతి సూదులలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదులలో ఇది తారుమారు, నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. కొట్టులో అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నేర్చుకునేవారికి 7 లేదా 8 నంబరు చేతి సూది బాగుంటుంది.

ఆ కత్తెరతో కాగితం కోయవద్దు. కాగితం కోస్తే మొద్దుబారుతుంది, తరువాత గుడ్డను నములుతుంది.

3. చేతితో నాలుగు కుట్లు

దారం మోచేతి నుండి వేళ్ళ చివరి దాకా ఉంటే చాలు. పొడుగు దారం తీస్తే తొందరగా పని అవుతుందనుకుంటారు. కాని అది మెలిపడి, ముడిపడి ఇంకా ఆలస్యం చేస్తుంది. దారం చివర కత్తెరతో ఏటవాలుగా కోస్తే సూది బెజ్జంలోకి సులువుగా దూరుతుంది.

కచ్చా కుట్టు: సూదిని పైకి, కిందికి వరసగా దూర్చుతూ పోవడం. రెండు గుడ్డలను తాత్కాలికంగా కలిపి ఉంచడానికి వాడతారు. ముందు చాక్‌తో గీత గీసి దాని మీదే కుట్టండి.

వెనుక కుట్టు: ఒక అడుగు ముందుకు వేసి, అర అడుగు వెనక్కి వచ్చినట్టు కుట్టడం. చేతి కుట్లలో గట్టిది ఇదే. చిరిగిన జేబు, ఊడిన పక్క కుట్టు దీనితోనే బాగుచేయాలి.

హెమ్మింగ్: అంచును రెండుసార్లు మడిచి, పైకి కనిపించకుండా కుట్టడం. పై గుడ్డలో ఒకటి రెండు పోగులను మాత్రమే సూది అందుకోవాలి. చీరకు ఫాల్ వేయడానికి ఇదే ఆధారం. ఈ ఒక్క కుట్టు బాగా వస్తే ఇరుగుపొరుగు వారే పని తెచ్చి ఇస్తారు.

గుండీ కుట్టడం: గుండీకి, గుడ్డకు మధ్య ఒక అగ్గిపుల్ల ఉంచి కుట్టండి. తరువాత పుల్ల తీసేసి, ఆ వదులు దారం చుట్టూ మూడు నాలుగు చుట్లు చుట్టి ముడి వేయండి. అప్పుడు కాజాలో గుండీ బిగుసుకోకుండా ఉంటుంది, తొందరగా ఊడదు.

ఒక్కొక్క కుట్టును పాత గుడ్డ మీద వారం రోజులు, రోజుకు అరగంట చేయండి. మొదటి రోజు గుడ్డను పారేయకుండా దాచుకోండి. ఏడో రోజు గుడ్డ పక్కన పెట్టి చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

4. మొదటి వస్తువు: దిండు గలీబు

జాకెట్టుతో మొదలుపెట్టవద్దు. చంక, మెడ, చేతులు అన్నీ వంపులే, కొత్తవారికి విసుగు పుడుతుంది. గలీబు అంతా తిన్నని గీతలే. తేడా వచ్చినా దిండు ఏమీ అనదు.

నూలు గుడ్డను ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. కుట్టిన తరువాత కుదించుకుంటే చేసిన పని వృథా. గుడ్డ అంచు వెంట పోయే పోగు పడుగు, అడ్డంగా పోయేది పేక. పడుగు వెంట గుడ్డ తక్కువ సాగుతుంది, ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. కాబట్టి పొడుగు కొలత ఎప్పుడూ పడుగు వెంట తీసుకోండి.

మీ దిండు 24 అంగుళాల పొడుగు, 16 అంగుళాల వెడల్పు అనుకుందాం. గుడ్డ 58 అంగుళాల పొడుగు, 18 అంగుళాల వెడల్పు కోయండి. రెండు పొట్టి చివరలను ఒక్కో అంగుళం మడిచి హెమ్మింగ్ చేయండి. ఇప్పుడు 56 అంగుళాలు ఉంటుంది. గుడ్డ మంచి వైపు పైకి ఉండేటట్టు పరవండి. ఒక చివర నుండి 25 అంగుళాలు లోపలికి మడవండి. రెండో చివర నుండి మిగిలిన 6 అంగుళాలను దాని మీదికి మడవండి. రెండు పక్కలా అర అంగుళం వదిలి వెనుక కుట్టు వేయండి. తిరగేస్తే గలీబు సిద్ధం. ఆ 6 అంగుళాల మడత లోపలికి వెళ్ళి దిండు జారకుండా పట్టుకుంటుంది. గుండీలు, నాడాలు అక్కరలేదు.

5. ఆ తరువాత మిషను

కొనకముందు తెలిసినవారి మిషను మీదనో, తరగతిలోనో నేర్చుకోండి. మొదట దారం లేకుండా, గీతల నోటు పుస్తకం కాగితం మీద సూది నడిపించండి. సూది చేసిన చిల్లులు గీత మీదే పడుతున్నాయా చూడండి. తిన్నని గీత వచ్చాక చతురస్రం, ఆ తరువాత గుండ్రం. ఇవి వచ్చాకే దారం ఎక్కించండి.

చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి. గుడ్డను వెనక నుండి లాగవద్దు, మిషనే తీసుకుపోతుంది. లాగితే సూది వంగి విరుగుతుంది. కొత్త సూది పెట్టేముందు పాత సూది ఏ పక్కకు తిరిగి ఉందో చూసి అలాగే బిగించండి. పొడుగు గాడి ఉన్న వైపు నుండే దారం ఎక్కాలి. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు సూది, పల్చని గుడ్డకు 11 సరిపోతాయి. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే చాలామంది బాబిన్‌ను తిడతారు. ఎక్కువసార్లు తప్పు పై దారం ఎక్కించడంలో ఉంటుంది. పై దారం తీసి మళ్ళీ మొదటి నుండి ఎక్కించండి.

మోటారు మిషను అయితే కొంగు దోపుకోండి, జడ వెనక్కి వేసుకోండి. చక్రం, బెల్టు దగ్గర చిన్న పిల్లల వేళ్ళు పడకుండా చూడండి.

6. కన్ను, నడుము, చేయి

నలభై దాటాక సూదిలో దారం ఎక్కడం లేదని, ఇక తమ పని అయిపోయిందని చాలామంది కుట్టు మానేస్తారు. అది చత్వారం. వయసుతో అందరికీ వచ్చేదే. దగ్గరి చూపు అద్దాలతో సరిపోతుంది. పక్కింటివారి అద్దాలు, సంతలో అద్దాలు పెట్టుకోకుండా కంటి పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్షలోనే శుక్లం, కంటి ఒత్తిడి, షుగరు వల్ల వచ్చే కంటి జబ్బు కూడా బయటపడవచ్చు. కుడి చేతితో కుట్టేవారికి వెలుతురు ఎడమ భుజం మీదుగా రావాలి. అప్పుడు చేతి నీడ కుట్టు మీద పడదు. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి.

నేల మీద వంగి గంటలకొద్దీ కుట్టవద్దు. మిషను ముందు పాదాలు రెండూ తొక్కుడు పలక మీద పూర్తిగా ఆనాలి, నడుముకు ఆనుకునే కుర్చీ ఉండాలి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండవచ్చు. ఆలస్యం చేయకుండా చూపించుకోండి. పెద్ద ఆపరేషన్ అయినవారు డాక్టరుగారు సరే అనేదాకా కాలి మిషను తొక్కవద్దు. చేతి కుట్టు చేసుకోవచ్చు.

7. సూది గుచ్చుకుంటే

సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. వేలు నోట్లో పెట్టుకోవద్దు, పసుపు, సున్నం పెట్టవద్దు. రక్తం అంటిన సూదిని పక్కవారికి ఇవ్వవద్దు. మనం టీటీ అని పిలిచే ఇంజెక్షన్ స్థానంలో 2019 నుండి మన దేశ టీకాల కార్యక్రమంలో టీడీ వచ్చింది. ఇది ధనుర్వాతంతో పాటు కంఠసర్పి నుండి కూడా కాపాడుతుంది. ముందు డోసులన్నీ పూర్తయినవారికి గుచ్చుకున్న ప్రతిసారీ అవసరం లేదు. శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేయించుకుని 10 ఏళ్ళు దాటినప్పుడు, మట్టి, మురికి పడిన గాయమైతే 5 ఏళ్ళు దాటినప్పుడు వేయించుకోవాలి. డోసుల సంగతి గుర్తు లేకపోతే వచ్చి అడగండి.

మిషను సూది వేలిలో దిగితే చేయి లాగవద్దు. కాలు తీసేసి, చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పి సూదిని పైకి లేపండి. సూది విరిగితే విరిగిన ముక్కలన్నీ కాగితంలో చుట్టి ఆస్పత్రికి తీసుకురండి. లోపల ఏమైనా మిగిలిందేమో ఆ ముక్కలు, ఎక్స్‌రే చూసి తెలుసుకుంటాము. ఇంట్లో గుచ్చి తీయాలని చూడవద్దు. వేలు సలుపుతూ వాచినా, చీము పట్టినా, ఎర్రని గీత చేయి పైకి పాకినా అదే రోజు రండి.

షుగరు ఉన్నవారికి, కుష్ఠు వ్యాధి తగ్గినా చేతిలో స్పర్శ లేనివారికి గుచ్చుకున్న సంగతే తెలియకపోవచ్చు. వీరు వేలి టోపీ తప్పక వాడాలి. పని ముగిశాక వేళ్ళన్నీ వెలుతురులో చూసుకోవాలి.

గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకునే అలవాటు ఈ రోజే మానండి. తుమ్మినా, దగ్గినా, నవ్వినా లోపలికి పోతాయి. పిల్లవాడు గుండుసూది మింగితే అరటిపండు తినిపించవద్దు, వాంతి చేయించవద్దు. లోపలికి గొట్టం పంపి సూది తీయవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఏమీ పెట్టకుండా వెంటనే తీసుకురండి. పని మొదలుపెట్టేటప్పుడు సూదులు లెక్కపెట్టండి, ముగించేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. తగ్గితే అయస్కాంతంతో నేలంతా వెతకండి. ఆపరేషన్ గదిలో మేము చేసేదీ ఇదే. లెక్క తేలనిదే పని ముగిసినట్టు కాదు.

8. పసిబిడ్డకు కుట్టేటప్పుడు

కొత్తగా నేర్చుకున్నవారు ముందుగా కుట్టాలనుకునేది పుట్టబోయే బిడ్డ జుబ్బా. సంతోషమే. మెత్తని నూలు గుడ్డ వాడండి. మెడ చుట్టూ పొడుగు నాడాలు పెట్టవద్దు. ఊడే గుండీలు, పూసలు, పిన్నీసులు వద్దు. చేతి తొడుగులు, కాలి తొడుగులు కుడితే లోపలి దారాలన్నీ దగ్గరగా కత్తిరించండి. వేలాడే ఒక్క దారం బిడ్డ వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తెలియకపోతే తొడుగులు విప్పి వేళ్ళు చూడండి. వేలు వాచి రంగు మారితే క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురండి. కుట్టిన బట్టను ఉతికి, ఎండలో ఆరేసిన తరువాతే తొడగండి.

ఈ నెల అభ్యాసం

మొదటి వారం కచ్చా కుట్టు. రెండవ వారం వెనుక కుట్టు. మూడవ వారం హెమ్మింగ్, అయిదు గుండీలు. నాలుగవ వారం ఒక గలీబు. నెలాఖరుకు ఆ గలీబును తిరగేసి లోపలి వైపు చూడండి. లోపలి కుట్లు కూడా వరసగా, బిగువుగా ఉంటే మిషను గురించి ఇంట్లో మాట్లాడే సమయం వచ్చినట్టే. అలా లేకపోతే ఇంకొక గలీబు కుట్టండి. ఇంట్లో దిండ్లు ఇంకా ఉన్నాయి కదా!

— నర్సింగ్ సూపరింటెండెంట్