నగరపాలనం - ఓటుముద్ర

నగరవాసికి నిత్యజీవితంలో ప్రభుత్వమంటే ముందుగా ఎదురయ్యేది నగరపాలక సంస్థయే. వీథిదీపం వెలగకున్నా, మురుగుకాలువ పొంగి ముంగిటికి వచ్చినా అతడు వెతుక్కుంటూ వెళ్ళేది కార్పొరేటర్ ఇంటికే గాని శాసనసభకు కాదు. అట్టి ప్రతినిధిని ఎన్నుకొనే పద్ధతి నిర్దుష్టంగా ఉండాలన్న ఆకాంక్ష ఈనాటిది కాదు. క్రీ.శ. 919, 921 సంవత్సరాల నాటి ఉత్తరమేరూరు శాసనాలలో, పేర్లు వ్రాసిన ఆకుచీటీలను కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించి సభ్యులను నిర్ణయించే విధానం వివరంగా ఉన్నది. లెక్కలు అప్పగించని వారికి, వారి దగ్గరి బంధువులకు ఆ కుండలో చోటు లేదు. అయితే ఆ సభలో అర్హత భూమి, విద్య గల కొందరికే పరిమితం. ఈ సంగతి మరచి దానిని కేవలం కీర్తించడం ఉచితం కాదు.

1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు ఐదేండ్ల పదవీకాలాన్ని నిర్దేశించి, ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. పౌరుని సందేహాలు మాత్రం ఓటర్ల జాబితాతోనే మొదలవుతాయి. శాసనసభ నియోజకవర్గపు జాబితానే డివిజన్ల వారీగా విడదీస్తారు. ఆ విభజనలో పొరపాటు దొర్లితే, అభ్యంతరం తెలుపడానికి లభించే గడువు కొద్ది రోజులే.

2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు ఇందుకు గమనింపదగిన ఉదాహరణ. 2016లో యంత్రాలపై ఓటు వేసిన నగరం, కరోనా కారణంగా ఈసారి కాగితపు బ్యాలెట్‌కు మరలింది. 150 డివిజన్లలో ఓటు వేసినవారు సగం మందికి కూడా చేరలేదు. పాత మలక్‌పేటలో సి.పి.ఐ. అభ్యర్థి పేరుకు ఎదురుగా సి.పి.ఎం. గుర్తు అచ్చయినందున పోలింగును రద్దుచేసి, డిసెంబరు 3న తిరిగి జరిపారు.

అంతకన్న చిక్కైనది ముద్ర సమస్య. ఓటుకు స్వస్తిక్ గుర్తు ముద్ర వాడాలి. కొన్ని కేంద్రాలలో సిబ్బంది వేరొక ముద్రను ఓటర్లకు అందించారు. ఓటరు ఉద్దేశం స్పష్టమైతే అట్టి ఓట్లనూ లెక్కించవలసిందని లెక్కింపునకు ముందురాత్రి ఎన్నికల సంఘం ఆదేశించింది. తప్పు సిబ్బందిది, దాని ఫలితం ఓటరుపై పడరాదన్న వాదంలో న్యాయం లేకపోలేదు. కాని ఆట ముగిశాక నియమం మార్చరాదన్న ఎదుటివారి వాదమూ కొట్టివేయదగినది కాదు. మరునాడు ఉన్నత న్యాయస్థానం ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం 504 ఓట్లు కాగా, వేరే ముద్ర పడినవి 544. అందుచేత ఆ ఒక్క ఫలితం ఆగిపోయింది. న్యాయస్థానం అనుమతించిన పిమ్మట డిసెంబరు 9న ఆ ఓట్లను విప్పి లెక్కించగా, ముందున్న అభ్యర్థియే 782 ఓట్ల ఆధిక్యంతో గెలుపొందినట్లు ప్రకటించారు.