చిన్న వస్తువుల ఛాయాచిత్రములు – తీయు విధానము

కెమేరా గల ఫోను నేడు గ్రామములలో పలువురి చేతులలో నున్నది. పెండ్లికిని, పండుగకును ఫొటోలు తీయుట అందరికిని తెలిసినదే. కాని గింజ, పురుగు, ఆకుమీది మచ్చ వంటి చిన్న వాటిని దగ్గరనుండి స్పష్టముగ తీయుట వేరొక విద్య. పంచాయతీ సభ్యులు దీనిని నేర్చుకొనుట ఎంతయు అవసరమని మేము తలంచుచున్నాము. అందులకు ఒక ఉదాహరణము చాలును.

2018వ సంవత్సరమున కత్తెర పురుగు మన దేశములో మొదటిసారిగా కర్ణాటకలో కనిపించినది. ఆ యేడే తెలుగు ప్రాంతములలోని మొక్కజొన్న చేలకును వ్యాపించినది. మొక్కజొన్నను తినెడి పురుగులు మరికొన్నియు గలవు. వానినుండి దీనిని వేరుపరచు గుర్తులు రెండు: తలపై తలక్రిందులైన ‘వై’ అను ఆంగ్లాక్షరము వంటి గీత, తోక సమీపమున చతురస్రముగ నమరిన నాలుగు నల్లని చుక్కలు. ఎదిగిన పురుగే మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండును. ఇక ఆ చుక్కలెంత! లేత దశలో పురుగు మందునకు సులభముగ లొంగును. ఎదిగి మొవ్వులో దాగిన పిదప దానిని అణచుట కష్టము. మసకగా నున్న ఫొటోను పంపినచో వ్యవసాయాధికారి పురుగును పోల్చుకొనలేడు. ఈలోగా దినములు గడచును. లేదా రైతు తగని మందును కొని నష్టపోవును.

కావున ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. దూరము: ప్రతి కెమేరా కటకమునకు ఒక కనిష్ఠ దూరముండును. అంతకన్న దగ్గరకు జరిపినచో బొమ్మ చెదరును. ముందుగా కటకమును మెత్తని గుడ్డతో తుడిచి, బొమ్మ స్పష్టమగువరకు ఫోనును వెనుకకు జరుపవలెను. తెరపై వస్తువున్నచోట వ్రేలితో తాకి, పిమ్మట ఫొటో తీయవలెను. చిన్నదిగ కనిపించినను చింతలేదు. తరువాత అంచులను కత్తిరింపవచ్చును.

2. వెలుతురు: మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడలు మిక్కిలి నల్లగ పడును. వసారా, చెట్టునీడ అనుకూలములు. వెలుగు తక్కువగు ప్రక్కన తెల్లకాగితమును నిలిపిన అది వెలుగును వస్తువుపైకి మరలించును. నాణెము, చెక్కడపుపని వంటి వానికి వెలుగు ప్రక్కనుండి ఏటవాలుగ పడినచో గీతలు బాగుగ తెలియును. ఫ్లాష్ వెలిగించినచో మెరుపు కమ్మి వివరములు మరుగగును.

3. నిలుకడ: దగ్గరనుండి తీయునపుడు స్వల్పమైన కదలికయు పెద్దదిగ కనిపించును. మోచేతులను బల్లపై ఆనింపవలెను. లేదా ఫోనును ఇటుకకు ఆనించి టైమరు నుపయోగింపవలెను. గాలికి ఊగెడి ఆకును రెండవవారు పట్టుకొనుట మేలు.

4. అమరిక: వస్తువునకు సమీపించినకొలది స్పష్టముగ కనిపించు పొర పలుచనగును. కావున పురుగు వీపునకు సమాంతరముగ ఫోనును పైనుండి పట్టవలెను. అపుడు తలయు, తోకయు ఒకే రీతిని తెలియును. ఏటవాలుగ పట్టినచో ఒకటి తెలిసి రెండవది మసకబారును.

5. కొలత: సాదా కాగితముపై వస్తువునుంచి, ప్రక్కన పిల్లల స్కేలును పెట్టవలెను. రూపాయి నాణెములు అన్నియు ఒకే పరిమాణమున ముద్రింపబడలేదు గనుక కొలతకు అవి నమ్మదగినవి కావు.

పిల్లపురుగులలో పైన చెప్పిన గుర్తులు అంత స్పష్టముగ నుండవు. అందుచే అవి గోకి తిన్న ఆకులపై మిగులు తెల్లని పొరను గూడ తీయవలెను. పంపునపుడు చేను, మొక్క, పురుగు—ఈ మూడింటి ఫొటోలును పంపుట మంచిది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగ పంపినచో వివరములు కొంత నశించును. డాక్యుమెంటుగ పంపినచో యథాతథముగ చేరును. ఊరి పేరును, పైరు వయస్సును వ్రాయుట మరువరాదు.

ఈ పనికి వేరు ఖర్చు లేదు. సభ్యులు ముందుగా తమ యింట ఒక వడ్లగింజను, ఒక నాణెమును తీసి అభ్యసించి, గ్రామసభలో యువకులకు చూపింతురు గాక. ఊరికి అట్టివారు ఇద్దరున్నను, తెగులు మొదటి చేనులో నుండగనే అధికారి దృష్టికి వచ్చుటకు వీలగును.