మిషనత్త కొత్త ఇయర్‌ఫోన్లు

కోనసీమలో ఒక ఊరు. ఆ ఊళ్ళో కుట్టుమిషను తొక్కే ఆమెను అందరూ మిషనత్త అంటారు. ఆమె కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అక్కడ పని ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మనకూ వాళ్ళకూ రెండున్నర గంటల తేడా. అంటే మనకు అర్ధరాత్రి పన్నెండు.

ఇల్లు ఒకటే గది. మనవరాలు పక్కనే పడుకుని ఉంటుంది. స్పీకరు పెడితే పిల్ల లేస్తుంది. పక్కింటివాళ్ళూ వింటారు. కూతురి కష్టసుఖాలు నలుగురి చెవినా పడడం మిషనత్తకు ఇష్టం లేదు. అందుకే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది.

ఒకరోజు ఎడమ చెవిది మూగబోయింది. కుడిదాంట్లోనూ గరగర. "అమ్మా, జీతం..." అన్నంతవరకే వినబడింది. ఇచ్చారో ఇవ్వలేదో తెలియలేదు. ఆ రాత్రి మిషనత్తకు నిద్ర లేదు.

తెల్లారగానే పొదుపు సంఘం లెక్కలు రాసే కోడలు పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"అప్పుడే కొనకు అత్తా. పాడైంది ఫోనో, ఇదో ముందు చూద్దాం" అంది ఆమె. తన ఇయర్‌ఫోన్లు అత్త ఫోనుకు పెట్టి చూసింది. రెండు చెవులా బాగానే వినబడింది. అంటే ఫోను మంచిదే. తర్వాత పాతవాటి రబ్బరు బుడిపెలు తీసింది. లోపలి జల్లెడకు గుబిలి పట్టి ఉంది. పొడి బ్రష్షుతో మెల్లగా దులిపింది. అయినా ఎడమది పలకలేదు. పిన్ను దగ్గర తీగ వంచితే మాత్రం చిటచిటమంది. లోపల తీగ తెగిందన్నమాట. చాలావరకు తెగేది అక్కడే.

మిషనత్త చేతిలో 300 రూపాయలున్నాయి. ఆ వారం జాకెట్లు కుట్టిన డబ్బు. ఇద్దరూ బజారుకు వెళ్ళారు.

కొట్టతను మొదట తీగ లేనిది చూపించాడు. మెడలో వేసుకునేది. ధర 699. "దానికి ఛార్జింగు పెడుతూ ఉండాలి. మాట మధ్యలో ఆగిపోతే?" అంది కోడలు. మిషనత్త వద్దంది. తీగ ఉన్నవాటికి ఛార్జింగు గొడవ లేదు. తక్కువ డబ్బులో అవే నయం.

"అయితే ఇది తీసుకోండమ్మా. పెద్ద బాసు. సినిమా హాల్లో ఉన్నట్టుంటుంది" అన్నాడు.

"నాకు పాటలెందుకు బాబూ, మా పిల్ల మాట వినబడితే చాలు" అంది మిషనత్త. నిజమే. బాసు మరీ ఎక్కువైతే మాట ముద్దగా వినబడుతుంది.

తర్వాత పిన్ను చూసుకోవాలి. కొన్ని ఫోన్లకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. కొన్నిటికి అది ఉండదు. ఛార్జింగు పెట్టే చోటే ఇయర్‌ఫోనూ పెట్టాలి. దాన్ని టైప్-సి అంటారు. మిషనత్త ఫోనుది గుండ్రటి రంధ్రం. గుండ్రటి పిన్ను మీద మూడు గీతలుంటే మైకు ఉన్నట్టు. రెండు గీతలే ఉంటే వినడానికి మాత్రమే. మాట్లాడాలంటే ఫోను నోటి దగ్గర పెట్టుకోవాలి.

మూడు గీతల జత ఒకటి దొరికింది. "మూడు వందలు" అన్నాడు కొట్టతను. మిషనత్త పెట్టె తిప్పింది. అంకెల మీద వేలు పెట్టి చదివింది. రెండు, నాలుగు, తొమ్మిది.

"249 అని ఉందే బాబూ?"

అతను నవ్వాడు. "చూసుకోలేదమ్మా, 230 ఇవ్వండి" అన్నాడు.

పెట్టె మీద ఉండే ధర అన్ని పన్నులూ కలిపి వేసింది. అంతకంటే ఎక్కువ అడగకూడదు. తగ్గించి ఇవ్వచ్చు. తయారుచేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోను నంబరు కూడా పెట్టె మీద ఉండాలి.

డబ్బు ఇవ్వకముందే మిషనత్త తన ఫోనుకే పెట్టి చూసింది. కోడలు వీధిలోకి వెళ్ళి ఫోను చేసింది. మాట అటూ ఇటూ తేటగా వినబడింది.

పెట్టెలో మూడు సైజుల బుడిపెలున్నాయి. చిన్నవి వదులయ్యాయి. మధ్యవి సరిపోయాయి. కొందరికి ఒక్కో చెవికి ఒక్కో సైజు కావాలి. బుడిపె సరిగ్గా కూర్చుంటే బయటి చప్పుడు తగ్గుతుంది. అప్పుడు సౌండు పెంచక్కర్లేదు. రోజూ పెద్ద సౌండుతో గంటలకొద్దీ వింటే చెవుడు వస్తుంది. అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

మిషనత్త బిల్లు అడిగింది. "ఇంతదానికి బిల్లేంటమ్మా" అన్నాడు. కోడలు పెట్టె చూపించింది. ఆరు నెలల వారంటీ అని ఉంది. తేదీ వేసిన బిల్లు లేకపోతే ఆ మాటకు విలువేముంది? అతను రాసిచ్చాడు. కొన్న వస్తువుతో మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు.

ఆ రాత్రి కూతురి మాట అంతా వినబడింది. జీతం వచ్చిందట, పది రోజులు ఆలస్యంగా.

ఇప్పుడు మిషనత్త తీగను ఫోనుకు బిగించి చుట్టదు. తీసేటప్పుడు తీగ పట్టి లాగదు, పిన్ను పట్టి తీస్తుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు పెట్టుకోదు. చెవిలో చీము కారేవాళ్ళు వాడినవి మరొకరు పెట్టుకోకూడదు.

చూసి రాయండి

1. మీ ఇంట్లో ఇయర్‌ఫోను ఉంటే పిన్ను చూడండి. ఎన్ని గీతలున్నాయి?
2. ఏదైనా వస్తువు పెట్టె తీసుకోండి. ధర, నెల, సంవత్సరం ఎక్కడున్నాయో వెతికి రాయండి.
3. 249 రూపాయల వస్తువు 230కి ఇస్తే ఎంత మిగిలింది?