పరిశోధక నౌకకు తీరపు అండ

సముద్రాన్ని మన పూర్వులు రత్నాకరమన్నారు. రత్నాల కోసం కడలిలోకి సాగిన నౌకలను గురించి కథలు ఎన్నో ఉన్నాయి. ఆ నౌకలను సిద్ధం చేసి పంపిన రేవులను గురించి, అవి తిరిగి వచ్చేవరకు ఒడ్డున పనిచేసిన వారిని గురించి మన సాహిత్యం చెప్పినది తక్కువ. రామాయణంలోని మైనాకుని వృత్తాంతం ఈ విషయంలో గుర్తుకు వస్తుంది. సముద్రాన్ని దాటుతున్న హనుమంతునికి విశ్రాంతి నివ్వాలని ఆ పర్వతం నీటి నడుమ నుండి పైకి లేచింది. హనుమంతుడు దానిని చేతితో తాకి, ఆదరాన్ని స్వీకరించి, ఆగకుండా ముందుకు సాగాడు. సముద్ర పరిశోధక నౌక అలా సాగిపోజాలదు. అది ఎంత పెద్దదైనా కొన్ని వారాలకు ఒడ్డుకు చేరవలసిందే.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు 1976లో సమకూరిన తొలి పెద్ద నౌక పేరు ‘గవేషణి’. సంస్కృతంలో ‘గవేషణ’ అంటే మొదట తప్పిపోయిన ఆవును వెదకడమని అర్థం. కాలక్రమాన అది సకల విధాలైన అన్వేషణకూ పేరయింది. ఆ తరువాత 1983లో ‘సాగర్ కన్య’, 2008లో ‘సాగర్ నిధి’, 2014లో ‘సింధు సాధన’ మన దేశపు పరిశోధనలో చేరాయి. వీటిలో సాగర్ నిధి పొడవు 104 మీటర్లు. ఏకబిగిన 45 రోజులు అది సముద్రంలో ఉండగలదు. అంటే ఆ 45 రోజులకు కావలసిన చమురు, ఆహారం, మందులు, పరికరాలు, విడిభాగాలు అన్నీ ముందే ఓడలోకి ఎక్కాలి. నడిసముద్రంలో అంగడి లేదు కదా!

ఇందుకు మొదట కావలసినది ఓడ నిలువదగిన లోతు గల రేవు. అక్కడ నుండి విద్యుత్తు, మంచినీరు అందాలి. బరువులెత్తే క్రేన్లు, పరికరాలు దాచే గిడ్డంగి, మరమ్మతు చేసే కార్ఖానా ఉండాలి. అడుగుభాగాన పట్టిన నాచును, గుల్లజీవులను గీకి రంగు వేయడానికి అయిదేళ్ళలో రెండు పర్యాయాలైనా ఓడ పొడిరేవుకు ఎక్కాలి.

అమెరికాలో 1930లో స్థాపితమైన ఉడ్స్ హోల్ సముద్ర విజ్ఞాన సంస్థకు ప్రయోగశాలల ముంగిటనే సొంత రేవు ఉంది. శాస్త్రజ్ఞుడు తన గదిలో నుండి నడిచి వెళ్ళి ఓడ ఎక్కగలడు. అందరికీ ఆ సౌకర్యం లేదు. సరకుల ఓడలు వచ్చే వాణిజ్య రేవులో చోటు పంచుకోవలసి వచ్చినప్పుడు పరిశోధక నౌక వెనుకబడడం సహజం. సరకు ఓడ రేవుకు ఆదాయం తెస్తుంది. ఇది తెచ్చేవి నీటి సీసాలు, బురద గొట్టాలు! వాటి విలువను లెక్కగట్టే సుంకాధికారి ఎక్కడా లేడు.

ఇక్కడ మన చరిత్రలోని ఒక ఘట్టాన్ని స్మరించుకోవాలి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆ ప్రభువు మాట ఇచ్చాడు. ఆ అభయం వర్తకులకు ఇచ్చినదే అయినా, ఒడ్డు నమ్మదగినదైతేనే ఓడ వస్తుందన్న ఎరుక అందులో ఉంది.

ఓడ బయలుదేరే ముందు ఒడ్డున జరిగే పనిని చూస్తే ఇంత చిన్న వస్తువులకు ఇంత శ్రద్ధా అనిపిస్తుంది. సముద్రపు లోతులలో ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచే పరికరాన్ని కిలోమీటర్ల పొడవైన ఉక్కు తీగకు కట్టి దించుతారు. ఉప్పునీటిలో నానిన ఆ తీగను ప్రయాణానికి ప్రయాణానికి మధ్య కడిగి, నూనె పట్టించి, బరువు వేలాడదీసి పరీక్షించాలి. తీగ తెగిందా, పరికరం సముద్రగర్భానికి చేరినట్లే. పరికరం మూతల మధ్య నీరు చొరకుండా ఆపేది సన్నని రబ్బరు వలయం. దాని వెల స్వల్పం. అటువంటివి నాలుగు అదనంగా పెట్టెలో వేయడం ఒడ్డున ఎవరైనా మరచిపోతే, వేయి కిలోమీటర్ల దూరాన కోట్ల రూపాయల పరికరం పని లేక పడి ఉంటుంది. అందుకే జాబితాలు రాసేవారిని, పెట్టెలు సర్దేవారిని నేను చిన్నచూపు చూడలేను. ముందుగా కావలసిన పెట్టెను చివర ఎక్కించడం కూడా ఒక విద్యే.

అంతకంటె సూక్ష్మమైనది కొలతల సరిచూపు. బంగాళాఖాతంలో గంగా గోదావరుల వంటి మహానదుల మంచినీరు పైపొరగా పరచుకొంటుంది. అక్కడ ఉప్పదనంలోని తేడా స్ఫుటంగానే తెలుస్తుంది. లోతుకు పోయిన కొద్దీ తేడాలు సన్నగిల్లి, దశాంశ బిందువు తరువాత మూడవ అంకెలో దాగుతాయి. పరికరం అంతమాత్రం తప్పు చూపినా, మారినది సముద్రమా, పరికరమా అన్నది తేలదు. కనుక ప్రతి యాత్రకు ముందు, తరువాత కూడా ఒడ్డున ఉన్న ప్రయోగశాలలో, స్థిరమైన ఉష్ణోగ్రత గల నీటి తొట్టెలో ఉంచి, ప్రామాణిక జలంతో పోల్చి దానిని సరిచూస్తారు. బంగారాన్ని ఒరపిడి రాతిపై గీసి చూసే కంసాలి ఓర్పు ఈ పనికి కావాలి.

ఇక ఓడ తిరిగి వచ్చిన తరువాతి సంగతి. తెచ్చిన నమూనాలలో కొన్ని గడ్డకట్టిన స్థితిలో ఉండాలి. కొన్నింటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచాలి. సముద్రపు అడుగు నుండి తీసిన బురదను శీతల గదిలో పెట్టాలి. రేవు నుండి ప్రయోగశాలకు చేర్చే దారిలో ఎండకు నిలిచిపోయిన బండి ఒక్కటి చాలు, నెలనాళ్ళ శ్రమ నీరు కావడానికి. మరల వెళ్ళి తెద్దామంటే, ఆనాటి సముద్రం మరల దొరకదు.

ఈ భారాన్ని మన దేశం ఒకప్పుడు ప్రపంచం తరపున మోసింది. 1959-65 మధ్య అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. అనేక దేశాలకు చెందిన సుమారు 40 నౌకలు అందులో పాల్గొన్నాయి. మన నౌకాదళం పంపిన ఓడ ‘కిస్ట్నా’. ఆంగ్లేయుల ఉచ్చారణలో మారిన మన కృష్ణానది పేరే అది! ఇన్ని నౌకలు ఒకే రకపు వలలతో పట్టిన సూక్ష్మజీవుల నమూనాలను పరీక్షించడానికి 1962లో యునెస్కో సహకారంతో కొచ్చిలో హిందూ మహాసముద్ర జీవశాస్త్ర కేంద్రం ఏర్పడింది. సీసాలలో నిలువచేసిన జీవులను సూక్ష్మదర్శినుల క్రింద ఒక్కొక్కటిగా చూసి, జాతులవారీగా వేరుచేసి, లెక్కించారు. నౌకలు ఎవరి దేశాలకు అవి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. 1968 నుండి వెలువడిన ప్లవకాల పటాలు ఆ శ్రమకు ఫలం. యాత్రకు వచ్చిన నౌకల పేర్లు గ్రంథాలలో ఉన్నాయి. సూక్ష్మదర్శినిపై వంగిన వారిలో చాలామంది పేర్లు సామాన్య పాఠకునికి తెలియవు.

ఒడ్డున జరిగే పనిలో కాగితాల పని కూడా ఉంది. వేరొక దేశపు జలాలలో పరిశోధన జరపాలంటే, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం ప్రకారం ఆరు నెలల ముందే ఆ దేశానికి వివరాలు పంపాలి. అనుమతి రాకపోతే ఎంత గొప్ప నౌక అయినా ఆ సరిహద్దు వద్ద ఆగవలసిందే.

తెలుగునాట ఈ శాస్త్రం నౌక లేకుండానే మొదలయింది. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, నౌకాదళపు ఓడలను ఆధారం చేసుకొని విశాఖ తీరాన పరిశోధనలు సాగించారు. ఓడ పరులదైనా ప్రయోగశాల, విద్యార్థులు, తీరం మనవి. నేడు తెలుగు నేలపై ఉన్న ముఖ్యమైన సముద్ర సమాచార కేంద్రం హైదరాబాదులో, కడలికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థలో 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. బంగాళాఖాతంలో లంగరు వేసిన తేలుబొయ్యలు పంపే కొలతలు ఉపగ్రహం ద్వారా చెన్నైకి, అక్కడి నుండి హైదరాబాదుకు చేరుతాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు గాలిని, అలలను, నీటి వేడిని ఈ బొయ్యలు కొలిచాయి. ఆ బొయ్యలూ ఒడ్డు మీద ఆధారపడినవే. నౌక వెళ్ళి పాతదానిని తెచ్చి, కొత్తదానిని దింపి వస్తుంది. తెచ్చినదాని మీది గుల్లలను పనివారు ఉలులతో గీకుతారు, తుప్పు పట్టిన గొలుసులను మారుస్తారు, పరికరాలను విప్పి తొట్టెలో సరిచూస్తారు. మరుసటి నౌక బయలుదేరే నాటికి అది రంగు ఆరి సిద్ధంగా ఉండాలి.